మొదట పిలిచిన పేరు

శుక్రవారం మధ్యాహ్నం అసర్ నమాజు ముగించుకుని షావలి యార్డు వెనక మైదానానికి వచ్చేసరికి ముప్పై మంది వరుసగా నిలబడి ఉన్నారు. వెల్డర్లు, ఫిట్టర్లు, పెయింటర్లు, అందరూ ఆ కంపెనీ మనుషులే. వారమంతా నీలం కవరాల్స్‌లో కనబడే ముఖాలు ఇవాళ నిక్కర్లలో, బనీన్లలో కనబడుతుంటే ఒకరిద్దరిని పోల్చుకోవడానికి అతనికి క్షణం పట్టింది.

దుబాయ్‌కి గంటన్నర దూరంలో ఉన్న ముసఫ్ఫాలో ఇనుప దూలాలు తయారుచేసే ఆ కంపెనీలో షావలి క్రేన్ ఆపరేటర్. ప్రొద్దుటూరు మనిషి. నలభై ఆరేళ్లకే ఎడమ మోకాలు అరిగిపోయింది కాబట్టి ఆటకు పనికిరాడు. అందుకని పాయింట్లు రాసే పని అతనికి అప్పజెప్పారు. పనికిరాని ఉక్కు రేకు ఒకటి గోడకు ఆనించి, చేతికొక సుద్దముక్క ఇచ్చారు.

ఆట మేనేజర్ గ్రెగ్ తెచ్చినది. అతనిది ఆస్ట్రేలియా. వాళ్ల దేశంలో ఈ ఆటంటే ప్రాణం పెడతారట. బంతి గుండ్రంగా ఉండదు, కోడిగుడ్డులా ఉంటుంది. మైదానానికి రెండు వైపులా నాలుగేసి స్తంభాలు. వాటిని కంపెనీ పైపులతోనే నిలబెట్టారు. నడిమి రెండింటి మధ్యనుంచి తన్నితే గోల్, ఆరు పాయింట్లు, పక్క సందుల్లోంచి పోతే ఒక్కటే. బంతిని విసరకూడదు, పిడికిలితో గుద్ది అందించాలి. ఒకడు తన్నిన బంతిని నేలకు తగలకముందే మరొకడు పట్టుకుంటే దాన్ని మార్క్ అంటారు. అప్పుడిక వాడికెవరూ అడ్డురాకూడదు, నింపాదిగా తన్నుకోవచ్చు.

రెండు శుక్రవారాలు ఆడించి, అందులోంచి పన్నెండు మందిని దుబాయ్ తీసుకుపోతానన్నాడు గ్రెగ్. అక్కడ ఆస్ట్రేలియా వాళ్ల క్లబ్బుతో పోటీ. నిజమైన పచ్చగడ్డి మైదానం. వరుసలో నిలబడ్డవాళ్లలో సగం మంది దిగినరోజు విమానాశ్రయం చూశారు, ఆ తర్వాత ముసఫ్ఫా దాటింది లేదు. కంపెనీ బస్సు వాళ్లుండే క్యాంపు నుంచి యార్డుకు, యార్డు నుంచి క్యాంపుకు, అంతే.

ఒక జట్టుకు గ్రెగ్, రెండో జట్టుకు సేఫ్టీ ఆఫీసర్ నీల్ కెప్టెన్లు. ఒకరి తర్వాత ఒకరు తొమ్మిదేసి మందిని ఎంచుకోవాలి. ఎంపిక నీల్‌తో మొదలైంది. అతను వరుస వెంట ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి, జమీర్ దగ్గర ఆగాడు.

జమీర్ పెయింటర్. నెల్లూరు వాడు. ఆరడుగుల మూడంగుళాలు. క్యాంపు మంచం మీద మోకాళ్లు ముడుచుకునే పడుకుంటాడు. నీల్ అతని భుజం తట్టి తన వైపు లాక్కున్నాడు. గ్రెగ్ ఒక పొడుగాటి పఠాన్ వెల్డర్‌ను పిలిచాడు. నీల్ ఇంకో పొడుగువాణ్ని. అలా వరుసలో తలలు పైకి లేచిన చోటల్లా ఖాళీలు పడుతూ వచ్చాయి.

షావలి కళ్లు మాత్రం చివర నిలబడ్డ లింబాద్రి మీదే ఉన్నాయి. అతను రిగ్గర్. క్రేన్ కొక్కేనికి బరువులు కట్టి, కింది నుంచి చేతి సైగలతో షావలికి దారి చూపించేది అతనే. కోరుట్ల దగ్గరి పల్లెటూరు. ముప్పై రెండేళ్లు, అయిదడుగుల రెండంగుళాలు. నెల రోజుల ప్రాక్టీసులో బంతి ఎక్కువసార్లు ఎవరి చేతిలో ఉందో మైదానంలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. గ్రెగ్ ఆ నెలంతా సెలవు మీద ఊరెళ్లి మొన్ననే వచ్చాడు కనుక తెలియదు. నీల్ అక్కడే ఉన్నాడు.

పదహారో పేరు, పదిహేడో పేరు అయిపోయాయి. పద్దెనిమిదో మనిషి కోసం చూస్తున్న గ్రెగ్ చూపు లింబాద్రి తల మీదుగా పోయి, వెనక నిలబడ్డ ఒక ఫిట్టర్ దగ్గర ఆగింది. ఎంపిక ముగిసింది.

షావలి సుద్దముక్క పట్టుకునే టైమ్‌కీపర్ ఫరాజ్ దగ్గరికి పోయాడు. ఫరాజ్ హైదరాబాదీ. దొరల ఇంగ్లీషును అందరికీ విప్పి చెప్పేది అతనే.

"ఏంది ఫరాజ్ భాయ్ ఇది? వానికంటే ఉరికేవాడు ఈ యార్డులో యాడుండాడు? ఆ నీల్‌ను అడుగు."

ఫరాజ్ వెళ్లి నీల్‌తో మాట్లాడి, భుజాలెగరేస్తూ వచ్చాడు. "అడిగిన భాయ్. ఆట ఎవరికైనా నేర్పొచ్చంట, ఎత్తు నేర్పలేమంట. క్యా కరే, ఖలాస్."

లింబాద్రి గీత అవతల నిలబడి, బయటికి పోయిన బంతిని తెచ్చిస్తూ ఉండిపోయాడు. బంతి ఎగిరి వచ్చిన ప్రతిసారీ అది నేల మీద ఎటు దొర్లుతుందో ముందే అక్కడికి చేరుకుంటున్నాడు. అది ఎవరికీ పట్టలేదు.

మైదానంలో మాత్రం ఇంకో తమాషా జరుగుతోంది. జమీర్ వైపు మొదటి బంతి నేలబారున వచ్చింది. అతను నడుం వంచేసరికే అది కాళ్ల సందులోంచి పోయింది. రెండోది మోకాళ్లకు తగిలి ఎగిరింది. మూడోది చేతుల్లోకి వచ్చి జారింది. "క్రేన్ ఖరాబ్!" అని ఎవరో అరిచారు. నవ్వులు. నాలుగోదానికి నీల్ చెయ్యి ఊపి అతన్ని బయటికి రమ్మన్నాడు. జమీర్ వచ్చి నీళ్ల డ్రమ్ము పక్కన మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాడు. ఎంత ముడుచుకున్నా దాగే ఒళ్లు కాదు.

రెండో సగం మొదలైన కాసేపటికి గ్రెగ్ జట్టు ఫిట్టర్‌కు మడమ మెలిక పడింది. గ్రెగ్ చుట్టూ చూశాడు. గీత దగ్గర బంతి పట్టుకుని నిలబడ్డది లింబాద్రి ఒక్కడే.

"నువ్వు," అన్నాడు గ్రెగ్. "యల్లా, దిగు."

ఆ తర్వాతి ముప్పావుగంట షావలి పాయింట్లు రాయడం రెండుసార్లు మరిచిపోయాడు.

గుడ్డు బంతి నేల మీద పడితే ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. అందరూ బంతి ఉన్నచోటికి ఉరికితే, లింబాద్రి అది రాబోయే చోటికి పోయేవాడు. పెద్ద పెద్ద ఒళ్లు నలుగురైదుగురు గుద్దుకుంటున్న గుంపులోకి నేలకు కరుచుకుపోయినట్టు దూరి, రెండు చేతులతో బంతిని పొట్టకు అదుముకుని అవతలి పక్కనుంచి లేచేవాడు. పట్టుకోబోయిన చేతులు అతని వీపు మీద గాలిని పట్టుకునేవి. ఊళ్లో కబడ్డీ ఆడిన కాళ్లవి. ఆ పట్టు మాత్రం రిగ్గర్ పనిది. పన్నెండు మీటర్ల దూలం గాలికి ఊగుతున్నప్పుడు అది ఎటు తిరిగి ఎక్కడ ఆగుతుందో ముందే చూడగలిగినవాడే కొసన కట్టిన తాడు పట్టుకోగలడు. షావలి ఆరేళ్లుగా క్యాబిన్‌లోంచి ఆ చూపును చూస్తూనే ఉన్నాడు. దాన్ని ఇంకోచోట చూడడం ఇదే మొదలు.

అతను రేకు మూలన వేరే గీతలు పెట్టడం మొదలుపెట్టాడు. లింబాద్రికి బంతి దొరికిన ప్రతిసారీ ఒక గీత. ఆట ముగిసేసరికి గ్రెగ్ జట్టు మూడు పాయింట్ల తేడాతో ఓడింది. మూలన పంతొమ్మిది గీతలున్నాయి.

మర్నాడు పొద్దున టీ వేళకు గ్రెగ్ ఆ రేకు ముందు నిలబడి గీతల గురించి అడిగాడు. ఫరాజ్ వివరించాడు. గ్రెగ్ పెదాలు గుండ్రంగా చుట్టి ఈల వేశాడు. తర్వాత క్రేన్ దగ్గరికి వచ్చి, బెల్టులు చుడుతున్న లింబాద్రితో మాట్లాడాడు. ఫరాజ్ మధ్యలో నిలబడి చెప్పుకొచ్చాడు.

"నిన్న నిన్ను తీసుకోకపోవుడు తన తప్పంటున్నడు. నీలాంటోణ్ని మిడ్‌ఫీల్డర్ అంటరంట. నడిమిట్ల నిలబడి బంతి గెలుచుకొచ్చేటోడు. మన మేనేజర్‌కు నడుం నొప్పి లేచింది, వచ్చే శుక్రవారం ఆడడు. ఆయన జట్టుకు నువ్వే కెప్టెన్. మళ్ల అందర్నీ కొత్తగ ఏరుకోవాలె. ఓడినోళ్లకే మొదటి పేరు పిలిచే హక్కు. వాళ్ల దేశంల పద్ధతట."

లింబాద్రి చేతులు కవరాల్‌కు తుడుచుకున్నాడు. "నేనా?" అన్నాడు.

ఆ వారం క్యాంపులో మెస్సు దగ్గర, బస్సులో, నీళ్ల కూలర్ దగ్గర ఇదే మాట. పొట్టివాళ్లకు రోజులొచ్చాయని నవ్వుకున్నారు. చురుకైన కుర్ర ఎలక్ట్రీషియన్లు ఇద్దరు, ఒక సన్నపాటి కేరళ ఫిట్టర్ లింబాద్రి చుట్టూ తిరిగారు. షావలి కూడా మనసులో జట్టు కట్టేసుకున్నాడు. తొమ్మిది మందీ లింబాద్రిలాంటి వాళ్లే. నీల్ పొడుగువాళ్లు వాళ్ల వెనక రొప్పుతూ ఉరుకుతుంటే చూడాలి.

బుధవారం మధ్యాహ్నం ఒక దూలం దించాక లింబాద్రి క్యాబిన్ మెట్ల దగ్గరికి వచ్చాడు.

"షావలన్నా, నీ క్యాబిన్లకెళ్లి పెయింటింగ్ షెడ్డు కనవడ్తదా?"

"కనపడతాది. ఏం?"

"లోడు వచ్చేదాక పనేం లేదు గద. జమీర్ దిక్కు జెర సూడు. ఊకనే సూడు."

షావలి చూశాడు. షెడ్డు ముందు ఎత్తయిన ఇనుప స్టాండ్ల మీద ఒక పెద్ద దూలం ఉంది. మిగతావాళ్లు నిచ్చెన మీద నిలబడి చేసే పనిని జమీర్ చిన్న బల్ల ఎక్కి చేస్తున్నాడు. తుప్పు గీకుతున్నాడు. అవసరమైనప్పుడల్లా కిందివాళ్లు గుడ్డపీలికల ఉండ, బ్రష్షు, టేపుచుట్ట పైకి విసురుతున్నారు. నీల్ చూస్తే ఒప్పుకోడు గాని, నీల్ లేనప్పుడు అందరూ చేసేదే. టేపుచుట్ట భుజం వెనక నుంచి వచ్చింది. జమీర్ తల తిప్పి, చెయ్యి చాచి అందుకున్నాడు. బ్రష్షు తలకు మూరెడు ఎత్తున వచ్చింది. కాలి మునివేళ్ల మీద లేచి, గాలిలోంచి తెంపినట్టు పట్టుకున్నాడు. షావలి లెక్కపెట్టాడు. గంటలో పదకొండు. ఒక్కటీ కింద పడలేదు.

సాయంత్రం బస్సు కోసం నిలబడ్డప్పుడు తనే కదిపాడు. "పట్టుకుంటాండాడు, ఒప్పుకుంటా. అయితే ఆ పొద్దు ఎందుకు పట్టుకోలేకపాయ?"

"మనం యాడ ఏసినం? మోకాళ్ల కాడ ఏసినం. గంత పొడుగు మనిషి గంత కిందికి ఎట్ల వంగుతడన్నా? తప్పు పట్టేటోనిది కాదు, తన్నేటోనిది."

షావలికి అర్థమైంది, అందుకే కోపం వచ్చింది. "అయితే మొదట వాని పేరే పిలుస్తావా? నిన్ను పక్కన పెట్టింది ఎందుకు? పొట్టోడివని. ఆ పొడుగోళ్లను ఏరుకున్నోళ్లకు నువ్వేందో చూపియ్యొద్దా? నీ మాదిరోళ్లనే తీసుకోప్పా. మనకు ఒక్కసారన్నా అవకాశం వచ్చె."

"నాకు బంతి దొరుకుతది అన్నా," అన్నాడు లింబాద్రి. "దొరికినంక ఎవనికియ్యాలె?"

బస్సు వచ్చింది.

గురువారం గ్రెగ్ కూడా అదే చెప్పాడు. ముందు ఉరికేవాళ్లను తీసుకొమ్మన్నాడు. పొడుగువాళ్లు కుదురుకోవడానికి వాళ్ల దేశంలోనే మూడేళ్లు, నాలుగేళ్లు పడుతుందని, లింబాద్రికి ఉన్నది ఒక్క శుక్రవారమేనని ఫరాజ్ చెప్పాడు. లింబాద్రి అంతా విని, "ఓకే సార్," అన్నాడు.

శుక్రవారం మళ్లీ వరుస కట్టారు. జమీర్ వరుసలో లేడు. నీళ్ల డ్రమ్ము దగ్గర, ఆట చూడ్డానికి వచ్చినవాళ్లలో నిలబడ్డాడు. గ్రెగ్ మడత కుర్చీలో కూర్చుని తల ఊపాడు. లింబాద్రి రెండడుగులు ముందుకు వేశాడు.

"జమీర్," అన్నాడు.

నవ్వు ఒక కొస నుంచి మొదలై వరుసంతా పాకింది. నీల్ కూడా నవ్వాడు. "క్రేన్‌కు రిపేర్ అయిందా?" అన్నారెవరో హిందీలో. గ్రెగ్ కుర్చీలో కొంచెం ముందుకు వంగాడు. జమీర్ ముఖం కందగడ్డయింది. వెనక్కి తిరిగి గేటు వైపు నడిచాడు.

లింబాద్రి పరుగెత్తి అతనికి ఎదురు నిలబడ్డాడు. పాయింట్ల రేకు దగ్గర ఉన్న షావలికి వాళ్ల మాటలు వినపడుతూనే ఉన్నాయి.

"ఎందుకన్నా నన్ను మళ్లీ నవ్వులపాలు చేస్తావు?" అన్నాడు జమీర్. "ఆ ఎలక్ట్రీషియన్ పిలకాయల్ని తీసుకో, గెలుస్తారు. నాకు చేతకాదులే. ఆ రోజు చూశావు గదా."

"సూసిన. నీకు ఒక్క బంతన్న సక్కగ వచ్చిందా? నువ్వు ప్రతిసారి ఒక్క తాననే నిలవడ్డవు, మంచి జాగల నిలవడ్డవు. ఎవ్వడు నీ దిక్కు సూడలే. ఇయ్యాల నేనేస్త. నీ తలకాయ మీదికి ఏస్త. నువ్వు బంతిని సూడు, గంతే. మిగిలింది నాకిడిసిపెట్టు."

"జారిపోతే?"

"మళ్ల ఏస్త."

జమీర్ కిందికి అతని ముఖంలోకే చూశాడు. తర్వాత చెప్పులు విప్పి గీత పక్కన పెట్టి మైదానంలోకి నడిచాడు. లింబాద్రి మిగిలిన ఎనిమిది మందినీ ఉరికేవాళ్లనే ఏరుకున్నాడు. ఎలక్ట్రీషియన్లిద్దరూ వచ్చారు, కేరళ ఫిట్టరూ వచ్చాడు. ఆట మొదలయ్యేముందు వాళ్లను చుట్టూ నిలబెట్టి, అరచేతిని తలపైకెత్తి చూపించి, ఒక్కటే మాట చెప్పాడు. "ఊంచా. జమీర్ కో ఊంచా."

మొదటి బంతి రెండో నిమిషంలోనే దొరికింది. గుంపులోంచి లేచి, రెండడుగులు వేసి, లింబాద్రి ఎత్తుగా తన్నాడు. బంతి జమీర్ చేతుల్లోకే పోయింది. చేతుల్లోంచి జారింది. మళ్లీ నవ్వులు. షావలి రేకు వైపు తిరిగిపోయాడు, చూడలేక.

లింబాద్రి ముఖంలో మార్పు లేదు. మళ్లీ బంతి సంపాదించాడు. మళ్లీ అదే చోటికి, అంతే ఎత్తున తన్నాడు. ఈసారి జమీర్ మునివేళ్ల మీద లేచాడు. అతని మీద పడుతున్న ఇద్దరి తలల పైన రెండు చేతులు తెరుచుకుని మూసుకున్నాయి. బంతి అక్కడే ఆగిపోయింది.

మార్క్ పట్టినవాడికి ఎవరూ అడ్డు రాకూడదు కదా. జమీర్ బంతిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు, తనదేనా అన్నట్టు. నింపాదిగా తన్నాడు. అది నడిమి స్తంభాల్లోంచి పోలేదు, పక్క సందులోంచి పోయింది. ఒక్క పాయింటే. షావలి ఆ ఒక్కటినీ రేకు మీద జానెడు పొడుగున గీశాడు.

తర్వాత ఒకటొకటిగా వచ్చాయి. జమీర్ మొత్తం ఏడు పట్టాడు, మూడు జారవిడిచాడు. రెండో సగంలో నీల్ తన పొడుగువాళ్లను ముగ్గురిని అతని మీదికి పంపాడు. వాళ్లు ముగ్గురూ అక్కడ మూగేసరికి మిగతా మైదానం ఖాళీ అయింది. ఎలక్ట్రీషియన్లిద్దరూ ఆ ఖాళీలోంచి ఉరికి రెండు గోల్స్ చేశారు. లింబాద్రి ఒక్క గోలు కూడా చెయ్యలేదు. మోచేతులు దోక్కుపోయి, ముఖమంతా మట్టి కొట్టుకుని, నడిమిట్ల నుంచి కదలలేదు. పొద్దుగూకే వేళ మగ్రిబ్ అజాన్‌కు ముందు ఆట ఆగేసరికి పదమూడు పాయింట్ల తేడాతో వాళ్ల జట్టు గెలిచింది.

గ్రెగ్ కుర్చీలోంచి లేచి, నడుం పట్టుకుని నడిచొచ్చి లింబాద్రి చెయ్యి కలిపాడు. "పొడుగువాళ్లకు టైం పడుతుందన్నానా?" అన్నాడు. ఫరాజ్ చెప్పబోతుంటే లింబాద్రి తనకు అర్థమైందన్నట్టు చెయ్యి ఊపాడు.

మూడో శుక్రవారం ఆట మొదలుకాకముందే ఫరాజ్ కాగితం తీసి పన్నెండు పేర్లు చదివాడు. నీల్, గ్రెగ్ కూర్చుని రాసిన జాబితా. లింబాద్రి ఉన్నాడు, జమీర్ ఉన్నాడు, ఎలక్ట్రీషియన్లలో ఒకడున్నాడు. వచ్చే శుక్రవారం పొద్దున ఆరింటికి బస్సు. ఇవాళ ప్రాక్టీసు కోసం అందరూ మళ్లీ రెండు జట్లుగా విడిపోవాలి. గ్రెగ్‌కు నడుం నయమైంది, తనే కెప్టెన్. లింబాద్రి వరుసలోకి వచ్చి నిలబడ్డాడు. పోయినసారి ఓడింది నీల్ కనుక మొదటి పేరు అతనిది.

ఈసారి ఆ పేరు ఏదో షావలికి తెలుసు. ముప్పై మందికీ తెలుసు. నీల్ వరుస వెంట నడిచి లింబాద్రి ముందు ఆగాడు కూడా. గడ్డం గోక్కున్నాడు. ఇంకో నాలుగడుగులు వేశాడు.

"జమీర్," అన్నాడు.

"మళ్లా పొడుగోడే!" అన్నాడు షావలి పైకే. సుద్దముక్క వేళ్ల మధ్య విరిగింది. "నేర్పించినోణ్ని వదిలేసి..."

"ఊకో అన్నా," అన్నాడు లింబాద్రి వరుసలోంచే. అతను జమీర్‌నే చూస్తున్నాడు. జమీర్ వరుసలోంచి బయటికి వచ్చి, తల వంచకుండా మైదానం దాటి నీల్ పక్కకు పోతున్నాడు. ఎవరూ ఏమీ అరవలేదు. "ఎవ్వడన్న నవ్విండా సూసినవా?"

షావలి వరుసంతా ఒకసారి చూశాడు. ఎవరూ నవ్వడం లేదు.

గ్రెగ్ క్షణం కూడా ఆలోచించకుండా లింబాద్రిని పిలిచాడు. మిగతా పేర్లు అయ్యాక జట్టును దగ్గరికి తీసుకుని, అవతల మునివేళ్ల మీద లేస్తూ చేతులు సాగదీసుకుంటున్న జమీర్‌ను చూపించి ఏదో అడిగాడు.

"ఆయన్ని ఎట్ల ఆపాల్నో నిన్నే అడుగుతున్నడు," అన్నాడు ఫరాజ్. "నీకే ఎరుక గద."

లింబాద్రి నవ్వాడు. "ఆయన్ని ఆపుడు ఎవ్వనితోని కాదని చెప్పు. బంతి ఆయన దాంక పోకుంట సూస్త," అని నడిమిట్లకు పరుగెత్తాడు.